ఓటమి నివారణ పథకం

మన జాతీయ ఫుట్‌బాల్ జట్టు పధ్నాలుగు నెలల పాటు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోచ్ పదవి ఖాళీగా ఉంది. ఆ ఖాళీని నింపవలసిన సంఘంలో రెండు ఖాళీలున్నాయి. ఆ రెండింటినీ నింపవలసిన అధికారి సెలవులో ఉన్నాడు. ఈ పధ్నాలుగు నెలల్లో ప్రపంచ పట్టికలో మన స్థానం నూట నలభై రెండు నుంచి నూట ముప్పై ఎనిమిదికి ఎగబాకింది. మనకన్నా పైనున్న నాలుగు దేశాలు ఆడి, ఓడి, కిందికి జారాయి.

నేను ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ జట్టుకు అభిమానిని. అయినా జట్టు ఆడడం లేదన్న సంగతి నాకు తెలియలేదు. ఆ ఏడాది మా ఇంట్లో టీవీ పెట్టలేదు. మా ఆవిడ విశాలాక్షి వైశాఖంలో పోయింది.

స్థానం మెరుగుపడిన సంగతిని మొదట గమనించింది జాతీయ ఫుట్‌బాల్ భవిష్యత్ మండలి. వాళ్లు గత పదేళ్ల రికార్డులు తిరగేసి, మూడు వందల పేజీల నివేదిక తయారుచేశారు. దాని సారాంశం ఒక్క వాక్యం: జట్టు ఓడిపోయిన ప్రతి సందర్భంలోనూ అంతకుముందు ఆడి ఉన్నట్లు తేలింది. ఆడకుండా ఓడిన దాఖలా ఒక్కటి కూడా దొరకలేదు.

ఈ వాక్యంలో తప్పు పట్టడానికి ప్రయత్నించాను. తెలుగు మాస్టరుగా నాకది అలవాటు. పట్టలేకపోయాను.

నెల తిరక్కుండా మా సరుగుళ్లపేట ఉన్నత పాఠశాలకు ఉత్తర్వు వచ్చింది. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఓటమికి మూలకారణము ఆట అని నిర్ధారణ అయినందున, ఇకమీదట దేశములోని సమస్త జట్లు ఆటకు గురికాకుండా తగు జాగ్రత్తలు తీసుకొనవలెను. ఇదివరకే ఆటకు గురియైన విద్యార్థుల వివరములు జతపరచిన నమూనాలో పంపవలెను."

మా హెడ్మాస్టరు బెవర గున్నయ్య గారు దాన్ని మూడుసార్లు చదివి నన్ను పిలిపించారు. మా బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు పదకొండేళ్లుగా ఖాళీ. టీవీలో ఫుట్‌బాల్ చూస్తానని తెలిసి ఆటల బాధ్యత నాకు అప్పగించారు.

"మన ఆడపిల్లల జట్టు ఎన్ని మేచీలు ఆడింది మేస్టారూ?"

"పదకొండు. ఏడు గెలిచారు."

"ఏడు గెలిచారని బయట అనకండి మీకు పుణ్యముంటాది. గెలిచారంటే ఆడినట్టే కదా. అడ్డంగా దొరికిపోతాం."

"మరేమని రాయమంటారు?"

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూసి ఆలోచించారు. "పదకొండు సార్లు పక్కూళ్లకి ఎల్లొచ్చారని రాయండి. విహారయాత్ర. విహారయాత్రలో ఎవలూ ఓడిపోరు."

ఆ పదకొండు విహారయాత్రల్లోనూ మా గోల్‌కీపరు సూరాడ నూకరత్నం. పదో తరగతి. వాళ్లది పడవలున్న కుటుంబం. పడవ ఒడ్డుకు చేరగానే మగవాళ్లు చేపలను ఒక్కొక్కటిగా విసురుతారు. ఆడవాళ్లు ఒడ్డున నిలబడి పట్టుకుని బుట్టలో వేస్తారు. కింద పడితే ఇసక అంటుకుంటుంది, ఇసక అంటుకున్న చేప వైపు బేరగాడు చూడడు. రత్నం ఆరేళ్లప్పటి నుంచీ ఆ వరుసలో నిలబడుతోంది. జారే చేపను పట్టిన చేతులకు బంతి ఒక లెక్క కాదు.

పది పాసైతే ఆ పిల్లకు రెండు దారులున్నాయి. ఒకటి, భవిష్యత్ క్రీడా వసతి కళాశాలలో సీటు. తిండీ చదువూ అక్కడే. రెండోది, రోడ్డు అవతల రొయ్యల కంపెనీలో తోలు ఒలవడం. వాళ్ల అక్క ఒలుస్తోంది. అక్క వేళ్లు నేను చూశాను.

పథకం అమలును పర్యవేక్షించడానికి ప్రాంతీయ భవిష్యత్ అధికారి వచ్చారు. కలవకొలను చక్రధరరావు గారు. తెల్ల చొక్కా, మెరిసే నల్ల బూట్లు, మాటకు ముందు చిన్న దగ్గు. ఆయన జీవితంలో ఎప్పుడూ ఏ ఆటా ఆడలేదనీ, ఆ అర్హత మీదే ఈ పదవి వచ్చిందనీ గున్నయ్య గారు నా చెవిలో చెప్పారు.

పిల్లలను మైదానంలో నిలబెట్టి ఆయన ప్రసంగించారు. "ప్రియమైన విద్యార్థినులారా! మీరింతవరకు అవగాహనా లోపముచే బంతిని తన్నియున్నారు. దానికి మిమ్ములను తప్పుపట్టబోము. నేటి నుండి మీకు శాస్త్రీయ పద్ధతిలో ఆడకపోవుటయందు శిక్షణ ఇవ్వబడును."

"ఆడకపోడానికి ట్రైనింగేటే?" అని వెనక వరసలో ఎవరో అన్నారు.

"బడికి రాకపోడానికీ ఇత్తే బాగున్ను," అంది రత్నం.

శిక్షణ ఇలా సాగింది. మధ్యగీత మీద బంతి పెడతారు. ఇరవై రెండు మంది దాని చుట్టూ ఎవరి స్థానంలో వాళ్లు కదలకుండా నిలబడాలి. నలభై ఐదు నిమిషాలు. తరువాత పదిహేను నిమిషాల విశ్రాంతి. ఆ తరువాత వైపులు మారి మళ్లీ నలభై ఐదు నిమిషాలు. వైపులు ఎందుకు మారాలని నేనడిగాను. ఎండ ఇరుపక్షాలకూ సమానముగా పడవలెనని అధికారి చెప్పారు. ఆ న్యాయబుద్ధి నాకు నచ్చింది.

మూడో రోజు ఒక దుర్ఘటన జరిగింది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి బంతి దొర్లడం మొదలుపెట్టింది. ఇరవై రెండు మందీ ఉత్తర్వు ప్రకారం చూస్తూ నిలబడ్డారు. బంతి నిదానంగా దొర్లి, రత్నానికి ఎదురుగా ఉన్న గోల్‌లోకి వెళ్లి, ఆగింది.

రోజువారీ నివేదికకు పటం తీసే ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే మీట నొక్కాడు. చక్రధరరావు గారి ముఖం పాలిపోయింది. "ఇది గోలా?" అని నన్నడిగారు.

"నిబంధనల ప్రకారం ఎవరూ తాకకుండా వెళ్తే కాదనుకుంటాను."

"కానీ పటములో బంతి లోపల కనబడుచున్నది కదా! పైకి పంపవలసిన పటమది."

గాలి మీద విచారణ జరిగింది. ప్రకృతి వైపరీత్యమని తేల్చి, ఇకపై బంతిలో గాలి తీసివేసి శిక్షణ ఇవ్వాలని సవరణ ఉత్తర్వు వచ్చింది. గాలి తీసిన బంతి మైదానం మధ్యలో అప్పచ్చిలా పడి ఉండేది. ఒక కుక్క దాన్ని ఎత్తుకుపోయింది. కుక్క ఏ జట్టుకూ చెందదు కాబట్టి దాని మీద చర్య తీసుకోలేదు.

తరువాత జిల్లా పోటీలు జరిగాయి. పదహారు బడులు పేర్లు నమోదు చేసుకుని, పదహారూ ఇంట్లోనే ఉండిపోయాయి. ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా జరిగింది. బ్యాండు, బెలూన్లు, జ్యోతి ప్రజ్వలన. పదహారు జట్లూ అజేయంగా నిలిచాయి. కప్పు ఒక్కటే ఉంది. ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఎవరు ఎక్కువ కాలంగా ఆడకుండా ఉన్నారో వాళ్లకే ఇవ్వాలని మండలి నిర్ణయించింది.

ఒక బడివాళ్లు తమకు మైదానమే లేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకొక బడివాళ్లు తమకు మైదానమూ లేదు, బంతీ లేదన్నారు. చివరికి కప్పు కొండమీద ఒక బడికి వెళ్లింది. అది మూతపడి తొమ్మిదేళ్లయింది. అధికారులు జీపులో వెళ్లి, తాళం వేసిన తలుపు ముందు కప్పు పెట్టి, తాళానికి దండ వేసి వచ్చారు. విజేతల తరఫున మాట్లాడేవారు లేకపోవడం వల్ల ఒక నిమిషం మౌనం పాటించారు. మర్నాడు పత్రికలో పటం వచ్చింది. తాళం చక్కగా పడింది.

ఇవన్నీ చూసి నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కానీ వేసవికి ముందు క్రీడా కళాశాల ప్రవేశాల ప్రకటన వచ్చింది. దరఖాస్తుతో పాటు ఆటల బాధ్యుడి ధ్రువపత్రం జతచేయాలి: "ఈ విద్యార్థిని ఎన్నడూ బంతిని తాకలేదని ధ్రువీకరించడమైనది."

రత్నం, వాళ్లమ్మ అప్పలకొండ కలిసి స్టాఫ్ రూముకు వచ్చారు. అప్పలకొండ తలమీది బుట్ట బయట దించి, తడి చేతులు చీరకు తుడుచుకుంది.

"బాబూ, ఆ కాయితం మీద ఒక్క సంతకం ఎట్టీయండి. గుంట ఎప్పుడూ బంతి ముట్టనేదని."

"ముట్టింది కదమ్మా. మ్యాచ్‌లన్నీ నువ్వూ చూశావు."

"సూసినాను. సూసినానని నానేటి కాయితం మీద రాత్తానా? నాకు రాతొస్తే కదా."

"పదకొండు మేచీలు మేస్టారూ," అంది రత్నం నేల చూస్తూ. "అన్నీ నేవనే రాసేత్తారా?"

"నోర్ముయ్యే. అక్క ఏళ్లు సూసినావా? ఆ ఏళ్లతో అన్నం తినలేకపోతంది. నీకూ అవే ఏళ్లు కావాలా?"

రత్నం తన వేళ్లను చూసుకుంది.

"అమ్మగారుంటే ఈపాటికి రాయించీసుందురు," అంది అప్పలకొండ మెల్లగా. మ్యాచ్ అయ్యాక మా ఆవిడ పిల్లలందరికీ మజ్జిగ ఇచ్చేది. గెలిచినా ఓడినా ఒకటే గ్లాసు, ఒకటే ఉప్పు.

నేను కలం తీశాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు మాటల అర్థాలు చెబుతున్నవాణ్ణి. నా దస్తూరి బాగుంటుంది. అబద్ధం కూడా అందులో చక్కగానే కనిపించింది.

అయితే పని అంతటితో తీరలేదు. ఉపాధ్యాయులు జాలిపడి తప్పుడు పత్రాలు ఇస్తున్నారని మండలికి అనుమానం వచ్చింది. ఆ నెల నుంచే స్పర్శ నిరోధ పరీక్ష అని కొత్తది పెట్టారు. అభ్యర్థిని గోల్ ముందు నిలబడుతుంది. ఆమె వైపు మూడు బంతులు తన్నుతారు. నిజంగా ఎన్నడూ ఆడని పిల్ల కదలకుండా చూస్తుంది. ఆడిన పిల్ల చేతులు చాస్తుంది.

పరీక్షకు పదిహేను రోజుల గడువుంది. జట్టు పిల్లలంతా రత్నానికి కదలకుండా ఉండడం నేర్పే పనిలో పడ్డారు. బడి వదిలాక మా గోల్ వలను విప్పి తెచ్చి సరుగుడు తోట వెనక చెట్లకు కట్టి, దాని ముందు రత్నాన్ని నిలబెట్టి, ఒకరి తరువాత ఒకరు బంతి తన్నేవారు. రత్నం పట్టేసేది.

"పట్టీకే! పట్టీకంటే ఇనవేటే?"

"నానేటి సెయ్యనే? సేతులు ఎల్లిపోతన్నాయి."

చున్నీతో చేతులు వెనక్కి కట్టారు. మోకాలితో ఆపింది. కాళ్లూ కట్టారు. తలతో ఆపింది. కళ్లకు గంతలు కట్టారు. బంతి వస్తున్న చప్పుడు విని అటు ఒరిగి, పడి, మోచెయ్యి కొట్టుకుపోయినా ఆపింది. పన్నెండో రోజున ఒక్క బంతి లోపలికి వెళ్లింది. పిల్లలందరూ గంతులు వేశారు. రత్నం వెనక్కి తిరిగి వలలో ఉన్న బంతిని చాలాసేపు చూసింది. అప్పలకొండ తమ పడవ పాత వలను కోసి, చిరుగులు కుట్టి, మా గోల్‌కు కట్టిన వల అది.

"ఇలాగే ఉండు," అన్నాను.

"ఉంటాను మేస్టారూ," అంది. దాని గొంతులో ఏమీ లేదు.

పరీక్ష రోజు సాయంత్రం నాలుగింటికి బడి అంతా మైదానం చుట్టూ చేరింది. చక్రధరరావు గారు పరీక్ష ఫలితం నింపే కాగితం, నమూనా-9, పట్టుకుని వచ్చారు. బంతిలో గాలి కొట్టించారు. అప్పుడు ఒక ఇబ్బంది తలెత్తింది. బంతిని ఎవరు తన్నాలి?

పిల్లలు తన్నితే ఆడినట్టవుతుంది. ఉపాధ్యాయులు తన్నినా అంతే. ఆయన గున్నయ్య గారి వైపు చూశారు.

"నాకు మోకాళ్లు సార్," అన్నారు గున్నయ్య గారు. "రిటైర్మెంటు కూడా రెండేళ్లే ఉంది. ఈ వయసులో నన్ను ఆటగాణ్ణి చెయ్యకండి."

అధికారి చేతిపుస్తకం తిరగేశారు. దగ్గారు. "అధికారి విధి నిర్వహణలో భాగముగా తన్నుట పరిపాలనా చర్యయే గాని ఆటగా పరిగణింపబడదు. నేనే తన్నెదను."

మొదటి తన్ను బంతికి తగల్లేదు. రెండోసారి బంతి పక్కకు వెళ్లి గున్నయ్య గారి మోకాలికి తగిలింది. రత్నం రెండుసార్లూ రాయిలా నిలబడింది. అప్పలకొండ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఇక ఒక్కటే ఉంది.

మూడోది ఎలా పడిందో ఆయనకే తెలియదు. బూటు ముందు భాగానికి సరిగ్గా తగిలి, బంతి నేలకు జానెడెత్తున, కుడి మూలకు దూసుకెళ్లింది. జాతీయ జట్టు ముప్పై ఒక్క ఏళ్లలో అలాంటి దెబ్బ కొట్టడం నేను రెండుసార్లు చూశాను. రత్నం రాయిలా ఉంది. ఉంది. బంతి స్తంభం దాటబోతుండగా గాల్లోకి లేచి, అడ్డంగా పడి, రెండు చేతులతో పట్టి, గుండెకు హత్తుకుంది.



"ఓలమ్మో," అంది అప్పలకొండ. నేల మీద కూలబడింది.

రత్నం లేవలేదు. బంతిని పట్టుకుని అలాగే ఇసకలో పడుకుని ఏడుస్తోంది. నేను చక్రధరరావు గారి వైపు చూశాను. ఆయన కాగితం వైపు చూడడం లేదు. గోల్ వైపు చూస్తున్నారు.

"అది గోల్ కావలసినది," అన్నారు.

"సార్, ఫలితం..." అన్నారు గున్నయ్య గారు.

"ఆగండి. అది లోపలికి వెళ్లవలసినది. మూలకు కొట్టితిని కదా! అమ్మాయీ, బంతి ఇటు వేయుము. పరిపాలనా కారణముల దృష్ట్యా మరొకటి."

రత్నం కళ్లు తుడుచుకుని బంతి వేసింది. ఎలాగూ పోయింది కదా అనుకుందేమో, ఈసారి నిలబడే తీరే మారింది. మోకాళ్లు వంగాయి. చేతులు తెరుచుకున్నాయి. ఆయన కొట్టారు. పట్టింది. మరొకటి. పట్టింది. ఆయన బూట్లు విప్పేశారు. మేజోళ్లు విప్పి బూట్లలో కుక్కారు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచారు.

"చిన్నప్పుడు ఎండలో తిరిగితే ర్యాంకు రాదనేవారు మా నాన్నగారు," అని నాతో అన్నారు, ఊపిరి అందక. "తిరగలేదు. ర్యాంకు వచ్చింది. ఎడమవైపు కొడితే ఎలా ఉంటుందంటారు?"

ఆ మాటల్లో 'వలెను', 'బడును' లేకపోవడం నేను గమనించాను.

"ఎడమకి కొట్టినా పట్టేత్తాది సార్!" అని పిల్లలు అరిచారు. "సూసి కొట్టండి సార్! దాని కల్లేపు సూడకండి!"

ఎడమకు కొట్టారు. పట్టింది. పరుగెత్తుకొచ్చి కొట్టారు. పిడికిలితో బయటికి గుద్దింది. నిలబడ్డట్టు నటించి కొట్టారు. ముందే తెలిసినట్టు అటే దూకింది. గోల్ వైపు వెళ్లినవి పంతొమ్మిది. పంతొమ్మిదీ ఆపింది. ఇరవయ్యో దాని కోసం కాలు ఎత్తి, పిక్క పట్టేసి, ఆయన కూర్చుండిపోయారు.

గున్నయ్య గారు కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. చక్రధరరావు గారు చదివారు. 9(ఎ): అభ్యర్థిని బంతిని ఆపినదా? 9(బి): ఆపినచో, తన్నినవారి పేరు, హోదా. 9(సి): సదరు వ్యక్తి ఓటముల సంఖ్య.

కలం ఆగిపోయింది. ఆయన అజేయుడు. ఆయన ఉద్యోగమే అది. పరిపాలనా చర్యలో ఓడిపోవచ్చని చేతిపుస్తకంలో ఎక్కడా లేదు. చాలాసేపు ఆలోచించి, 9(ఎ) ఎదురుగా 'లేదు' అని రాశారు. మిగిలిన రెండు గడులూ కొట్టేశారు.

"అభ్యర్థిని ఉత్తీర్ణురాలైనది," అన్నారు.

అప్పలకొండ రెండు చేతులూ ఎత్తి సముద్రానికి దండం పెట్టింది. పిల్లలు కేకలు వేశారు. రత్నం మాత్రం వచ్చి ఆయన ముందు నిలబడింది. ఒంటినిండా ఇసక.

"ఆపినాను కదండీ."

"ఏటే నీకు?" అని తల్లి పరిగెత్తుకొచ్చింది. "సీటొచ్చింది, నడు ఇంటికి."

"నువ్వుండే అమ్మా. సార్, పంతొమ్మిది ఆపినాను. మేస్టారు నాను బంతే ముట్టనేదని రాసినారు. మీరు ఆపనేదని రాసినారు. మరి ఆపిందెవరు?"

నేను తల దించుకున్నాను. అధికారి తలెత్తి చూశారు.

"ఆపావని రాస్తే నీకు సీటు రాదమ్మా," అన్నారు.

ఆ పిల్ల రోడ్డు అవతలి రొయ్యల కంపెనీ వైపు చూసింది. తరువాత వాళ్లమ్మను చూసింది.

"అయితే కాయితం మీద అలాగే ఉంచీయండి. నోటితో సెప్పండి. అందరికీ ఇనబడేలాగ."

చక్రధరరావు గారు చుట్టూ చూశారు. నాలుగు వందల మంది పిల్లలు, పది మంది ఉపాధ్యాయులు, గోడ మీద కూర్చున్న పేట జనం. ఆయన నా భుజం పట్టుకుని లేచారు. ఒంటికాలి మీద నిలబడ్డారు. దగ్గారు.

"ఇందుమూలముగా సమస్త జనులకు మౌఖికముగా తెలియజేయునది ఏమనగా, కుమారి సూరాడ నూకరత్నం పంతొమ్మిది బంతులను ఆపినది. అన్నియు నేను తన్నినవే. నేను..." గొంతు సవరించుకున్నారు. "నేను పంతొమ్మిది సార్లు ఓడిపోయితిని."

ఆ చప్పట్లు కంపెనీ దాకా వినిపించి ఉంటాయి. రత్నం నవ్వింది.

హోరు తగ్గాక నేను ఆయనను మెల్లగా అడిగాను. "కళాశాలకు ఇప్పటికే అరవై మంది పిల్లలు ఎంపికయ్యారంటున్నారు. అందరూ ఎన్నడూ బంతి తాకనివాళ్లేనా?"

"ధ్రువపత్రముల ప్రకారము," అన్నారు ఆయన. కొంచెం ఆగి, "మీ దస్తూరిలాంటి దస్తూరులే అన్నీ," అన్నారు.

అరవై మంది. ఒకే ఆవరణలో, ఒకే వయసువాళ్లు, అందరి దగ్గరా నాలాంటి మాస్టర్లు రాసిన అబద్ధాలు. ఎవరో ఒకరు ఎక్కడి నుంచో ఒక బంతి తేకుండా ఉంటారా? ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి మన జాతీయ జట్టు భవిష్యత్తు గురించి నాకు కొంచెం ధైర్యం కలిగింది. ఈ సంగతి మండలికి తెలియకుండా ఉంటే చాలు.

"మేస్టారూ!" రత్నం గోల్‌లోకి తిరిగి వెళ్లి నిలబడి ఉంది. బంతిని నా వైపు దొర్లించింది. "మీరు ఎప్పుడూ కొట్టనేదు. ఒకటి కొట్టండి."

"నాకు రాదమ్మా."

"రాకపోతే ఏటి? ఆరికొచ్చా?" అని అధికారి వైపు గడ్డం ఎత్తి చూపించింది.

చెప్పులు విప్పాను. ఇసక ఇంకా వెచ్చగా ఉంది. బంతి అంత దగ్గర నుంచి అంత పెద్దదిగా కనిపిస్తుందని నాకు తెలియదు. రెండడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

ఇరవై.